లేవగలడా అని చూసి వెళ్లారు, లేపడానికి ఎప్పుడొస్తారు?

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు,



2025 జనవరిలో ప్రభుత్వ వైద్య బృందాలు ఇల్లిల్లూ తిరిగాయి. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమై నెలకు 15,000 రూపాయల పింఛను తీసుకుంటున్నవారు నిజంగా ఆ స్థితిలోనే ఉన్నారా లేదా అని తేల్చడం వాటి పని. అదే ఏడాది ఆగస్టులో, వైకల్యం 40 శాతం కంటే తక్కువని తేలిన దివ్యాంగ పింఛనుదారులకు నోటీసులు అందాయి. అప్పీలు చేసుకోమన్నారు. అనర్హులను ఏరివేయడం తప్పని నేననను. ప్రజల సొమ్ముకు లెక్క ఉండాల్సిందే. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. కాలు చెయ్యి పడిపోయి మూలనున్న మనిషి మంచం దాకా ప్రభుత్వ వైద్యుడు రావడం సాధ్యమేనని ఆ జనవరిలో మీరే రుజువు చేశారు. దారి లేదనో, వాహనం లేదనో, సిబ్బంది చాలరనో ఎవరూ అనలేదు. కదలలేకపోవడాన్ని కొలవడానికి అంతదూరం వచ్చినవారు, ఆ మనిషి మళ్లీ కదిలేలా చేయడానికి ఒక్కసారైనా ఎందుకు రాలేదు?

నేను రాస్తున్నది చంద్రశేఖరపురం మండలం నుంచి. సీఎస్ పురం అంటే మీకు త్వరగా గుర్తొస్తుంది. భైరవకోన గుహాలయాలు మా మండలంలోనే ఉన్నాయి. కార్తీకంలో జలపాతం చూడటానికి వచ్చేవారికి మా ఊళ్లు రెండు పక్కలా దాటిపోయే పల్లెలు. వాటిలో ఏ వీధికి వెళ్లినా ఒక ఇంట్లో మోకాళ్లు పట్టేసిన అమ్మ, ఒక ఇంట్లో నడుం వంగిపోయిన తాత, ఒక ఇంట్లో బీపీ మాత్రలు మానేసి పక్షవాతంతో పడ్డ పెద్దాయన కనిపిస్తారు. చేతికందివచ్చిన పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో తాపీ పనికో, హోటలు పనికో పోయి ఉంటారు. ఇంట్లో మిగిలేది ముసలివాళ్లిద్దరూ, లేదా ఒక్కరే.

పక్షవాతం వచ్చిన మనిషిని మొదటి రోజు ఎక్కడికి తీసుకుపోవాలో జనానికి ఇప్పుడు కొంత తెలుసు. 108 వస్తుంది. కనిగిరి, అక్కడి నుంచి ఒంగోలు. మా మండలం నుంచి ఒంగోలుకు నూరు కిలోమీటర్లకు పైమాటే. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న నాలుగున్నర గంటల గడువు దారిలోనే చాలావరకు కరిగిపోతుంది. అది వేరే లేఖ రాయాల్సినంత పెద్ద సంగతి. ప్రాణం నిలబడిందనుకుందాం. వారమో పది రోజులో అయ్యాక డిశ్చార్జి చేస్తారు. చేతిలో పెట్టే కాగితంలో మందుల పేర్లన్నీ రాశాక ఆఖరున ఒక పంక్తి ఉంటుంది: ఫిజియోథెరపీ చేయించాలి. ఎవరు చేయాలి, ఎక్కడ చేయాలి, ఎన్ని నెలలు చేయాలి, డబ్బెవరిస్తారు అన్న ప్రశ్నలకు ఆ కాగితంలో జవాబు ఉండదు. ఆ ఒక్క పంక్తితో మీ శాఖ బాధ్యత తీరిపోయిందా? ఆపరేషను అవసరమైన రోగికి "ఆపరేషను చేయించుకోవాలి" అని రాసిచ్చి ఇంటికి పంపితే దాన్ని వైద్యం అంటామా?

ఇంటికొచ్చిన తొలి వారాల్లో ఏం జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే అది మీ రికార్డుల్లోకి ఎక్కదు. మనిషిని లేపి కూర్చోబెట్టాలని ఇంట్లోవాళ్లు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగుతారు. పట్టు తప్పిన భుజం కీలు జారుతుంది. ఆ నొప్పితో ఇక ఆ చేతిని ముట్టుకోనివ్వడు. వెల్లకిలా ఒకే తీరున పడుకోబెడతారు. పాదం కిందికి వాలిపోయి, మడమ వెనక స్నాయువు బిగుసుకుని, తర్వాత కాల్లో బలం వచ్చినా పాదం నేలకు ఆనదు. వేళ్లు ముడుచుకుపోతాయి. ఎవరో చెప్పారని రబ్బరు బంతి ఇచ్చి రోజంతా నొక్కమంటారు. ముడుచుకుపోయే వేళ్లకు కావలసింది తెరుచుకునే సాధన. బంతి నొక్కుడు కొందరిలో బిగుసును ఇంకా పెంచుతుంది. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే వీపున పుండ్లు పడతాయి. పడుకోబెట్టే గంజి తాగిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంతలో ఎవరో నాటుమందు పేరు చెబుతారు, ఇంకెవరో పావురం రక్తంతో మర్దన చేయమంటారు. వాళ్లను మూఢులని తీసిపారేయకండి. ఏదో ఒకటి చేయాలని వాళ్లకు తెలుసు. ఏం చేయాలో చెప్పేవారిని మీరు పంపలేదు, అంతే.

ఈ తప్పుల్లో ఒక్కటి కూడా ఖరీదైన యంత్రం లేక జరిగింది కాదు. చెయ్యి ఎక్కడ పట్టి లేపాలి, దిండు ఎక్కడ పెట్టాలి, ఏ పక్కకు తిప్పాలి, మంచం అంచున ఎప్పుడు కూర్చోబెట్టాలి అని తెలిసిన మనిషి తొలి నెలలో నాలుగైదు సార్లు ఇంటికొచ్చి ఉంటే చాలావరకు తప్పేవి.

ఫిజియోథెరపీ అంటే కాళ్లూ చేతులూ పిసకడం, కరెంటు పెట్టడం అనే భావం జనంలోనే కాదు, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఉంది. పక్షవాతంలో దెబ్బ తగిలేది మెదడుకు. చెయ్యి బాగానే ఉంటుంది, దానికి ఆజ్ఞ ఇచ్చే చోటు పాడవుతుంది. చచ్చిన కణాలు తిరిగి రావు. కానీ వాటి చుట్టుపక్కల బతికున్న కణాలు కొత్త లంకెలు వేసుకుని ఆ పని నేర్చుకోగలవు. వాగు పొంగి బండ్లబాట కొట్టుకుపోయినప్పుడు పక్కగట్టు మీద నడిచి నడిచి కొత్త డొంక పడుతుంది చూడండి, అలాగ. నడిచేవాళ్లు లేకపోతే డొంక పడదు. ఒక పనిని అర్థవంతంగా, మళ్లీ మళ్లీ, కాస్త కష్టం పెంచుకుంటూ చేయిస్తేనే మెదడు ఆ దారి వేసుకుంటుంది. గ్లాసు అందుకోవడం, గుండీ పెట్టుకోవడం, గడప దాటడం, ఇవన్నీ మెదడుకిచ్చే మందులే.

ఇది ఆశతో చెబుతున్న మాట కాదు. అమెరికాలో 222 మంది పక్షవాత రోగుల మీద జరిగిన ఎక్సైట్ పరిశోధన 2006లో వెలువడింది. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైనవారిని తీసుకుని, బాగున్న చేతికి తొడుగు వేసి, పడిపోయిన చేతితోనే రెండు వారాలు గట్టిగా సాధన చేయించారు. మామూలు చికిత్స పొందినవారికంటే వాళ్ల చెయ్యి మెరుగైంది, ఆ మేలు ఏడాది తర్వాత కూడా నిలిచింది. బాగున్న చేతితోనే అన్నీ కానిస్తూ పోతే మెదడు రెండో చేతిని మరిచిపోతుందని, ఆ మరుపును విడిపించవచ్చని చెప్పినవాడు ఎడ్వర్డ్ టాబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. మన ఇళ్లలో జరుగుతున్నది సరిగ్గా దానికి తలకిందులు. "ఆ చెయ్యి పోయిందిలే, ఈ చేత్తో తిను" అంటాం, ప్రేమతోనే అంటాం.

అలాగని ఎంత త్వరగా, ఎంత ఎక్కువ చేయిస్తే అంత మంచిదన్నది కూడా నిజం కాదు. అయిదు దేశాల్లో రెండు వేలమందికి పైగా రోగులతో జరిగిన ఆవర్ట్ పరిశోధన 2015లో ఒక హెచ్చరిక చేసింది. తొలి 24 గంటల్లోనే లేపి ఎక్కువసార్లు మంచం దింపినవారిలో బాగా కోలుకున్నవారు మామూలు సంరక్షణ పొందినవారిలో కంటే కాస్త తక్కువే. అందుకే ఎప్పుడు, ఎంత, ఎలా అన్నది తెలిసిన మనిషి కావాలి. కదలికకు కూడా మోతాదు ఉంటుంది. మోతాదున్న ప్రతిదాన్నీ వైద్యం అనే అంటారు కదా, దీన్ని మాత్రం ఎందుకు ఇంటివాళ్లకు వదిలేశారు?

"కుటుంబానికి రెండు రోజులు శిక్షణ ఇస్తే వాళ్లే చేసుకుంటారు" అన్న మాట నేను విన్నాను. మీలోనూ కొందరు అలా అనుకుంటున్నారని నా నమ్మకం. దీనికి జవాబు మన దేశంలోనే ఉంది. అటెండ్ అనే పరిశోధనలో దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులను తీసుకున్నారు. సగంమంది కుటుంబాలకు ఇంట్లో వ్యాయామాలు చేయించడం నేర్పి పంపారు. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, చనిపోయినవారి, ఒకరిమీద ఆధారపడినవారి సంఖ్యలో రెండు వర్గాల మధ్య తేడా లేదు. కుటుంబం ప్రేమ చూపగలదు, పక్క మార్చగలదు, అన్నం పెట్టగలదు. నాలుగేళ్లు చదివి, ఆపైన ఆరు నెలలు ఆసుపత్రిలో చేసి నేర్చుకున్న విద్యకు బదులు కాలేదు. ఆ పరిశోధనను చదివిన ఏ శాఖయినా కుటుంబం మీద ఈ భారం వేసి చేతులు దులుపుకోగలదా?

మరో మాట కూడా వింటూంటాం. పల్లెటూరివాళ్లకు వ్యాయామం ఎందుకు, పొలం పనే వ్యాయామం కదా అని. కందిచేలో కలుపు తీసే మనిషి ఆరు గంటలు నడుం వంచే ఉంటుంది. అదే కండరం, అదే కీలు, అదే వంపు. తలమీద బిందె, చంకలో గడ్డిమోపు. దానికి విశ్రాంతి ఉండదు, సమతూకం ఉండదు. మోకాలి గుజ్జు అరిగిపోయే వయసొచ్చేసరికి, ఆ మోకాలిని కాపాడాల్సిన తొడ కండరంలో పట్టుండదు. ఆపైన అరవై ఐదేళ్లకో డెబ్బైకో పని చేయలేక ఒక్కసారిగా మానేస్తారు. నిన్నటిదాకా చేలో ఉన్న మనిషి ఇవాళ నులకమంచం మీద. చేసినన్నాళ్లూ మితిమీరిన చాకిరీ, మానేశాక కదలికే లేకపోవడం. రెండూ ఒంటికి చెరుపే.

మంచం ఎంత త్వరగా మనిషిని తినేస్తుందో చెప్పే లెక్కలున్నాయి. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచి పరీక్షించారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే అయిదుగురిని మళ్లీ పరీక్షిస్తే, ఆ ముప్పై ఏళ్ల వయసు తెచ్చిన నష్టం కంటే ఆనాటి మూడు వారాల పడక శరీర సామర్థ్యానికి ఎక్కువ చేటు చేసినట్టు తేలింది. 2007లో వచ్చిన మరో పరిశోధనలో, సగటున 67 ఏళ్ల ఆరోగ్యవంతులు పది రోజులు పడుకుని ఉన్నందుకే కాళ్లలో దాదాపు కిలో కండ పోగొట్టుకున్నారు. రోగం లేనివాళ్ల సంగతే ఇది. జ్వరానికో, కాలు విరిగో, కంటి ఆపరేషనుకో నెలరోజులు "రెస్టు తీసుకో" అనిపించుకున్న మా ముసలివాళ్ల కాళ్లలో ఏం మిగులుతుంది? ఆ తర్వాత దొడ్డికి పోతూ జారి పడతారు, తుంటి విరుగుతుంది. అక్కడితో చాలామంది కథ ముగుస్తుంది.

నడకకు మెదడుకు ఉన్న సంబంధం గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. 55 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 120 మందితో జరిగిన పరిశోధన 2011లో వచ్చింది. వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాలు ఏడాదిపాటు నడిచినవారి మెదడులో, జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోకాంపస్ అన్న భాగం రెండు శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో అది తగ్గింది. మతిమరుపు వ్యాధి ముప్పును పెంచే, మార్చుకోగల 14 అంశాలను 2024లో లాన్సెట్ కమిషన్ పేర్కొంటే, శరీర శ్రమ లేకపోవడం వాటిలో ఒకటి. మా ఊళ్లలో ఆడవాళ్లు కోలాటం నేర్చుకుని తిరునాళ్లలో ఆడుతున్నారు. అడుగు తప్పకుండా, కర్ర తప్పకుండా, పాట తప్పకుండా గుండ్రంగా తిరగడం కాలికి, చూపుకి, జ్ఞాపకానికి ఒకేసారి పెట్టే పరీక్ష. వయసులో ఉన్నవాళ్లతో ఆగకుండా అరవై దాటినవారికీ దాన్ని తేలిక చేసి నేర్పించవచ్చు. అలాంటి ఆలోచన చేయడానికి కూడా మండలంలో ఒక మనిషి ఉండాలి.

ఇక ఫ్లోరైడు. మీ శాఖ మా ప్రాంతానికి అన్నిటికన్నా ఎక్కువ బాకీ పడింది ఇక్కడే.

మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా వివరించిన తొలి పరిశోధన 1937లో వెలువడింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో గూనిబారిన వెన్నుతో, పట్టేసిన కీళ్లతో ఉన్న మనుషులను షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు పరీక్షించి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లావి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. అంటే ఈ జబ్బును వైద్యలోకం గుర్తించి ఎనభై ఏళ్లు దాటింది. తరతరాలుగా మా బోర్ల నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటిన ఫ్లోరైడు తాగుతున్నాం. గారపళ్లు చూసి ఏ ప్రాంతంవాళ్లో చెప్పేవారు.

నీళ్ల గురించి అందరూ మాట్లాడారు, ఇప్పటికీ మాట్లాడుతున్నారు. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది, 2024లో రెండు సొరంగాలను జాతికి అంకితం చేశారు. కృష్ణా నీరు ఇంటింటికీ రావాలన్నది న్యాయమైన కోరిక, అది తీరాలి. అయితే రేపు ఉదయం ప్రతి ఇంటి కుళాయిలో శుద్ధమైన నీరు వచ్చినా, ఇప్పటికే ఎముకలో చేరినది అంత తేలికగా బయటికి రాదు. ఫ్లోరైడు ఎముకను గట్టిగా, పెళుసుగా చేస్తుంది. ఎముకను ఎముకతో కట్టే పట్టీలు సున్నం పట్టి బిగుసుకుంటాయి. వెన్ను ఒకే కర్రగా మారుతుంది. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. పక్కటెముకల కీళ్లు పట్టేసి ఛాతీ విప్పారదు, ఊపిరి పైపైనే ఆడుతుంది. ముదిరితే వెన్నుపాము నొక్కుకుని కాళ్లు చచ్చుబడతాయి. నీళ్లు రేపటి పిల్లలను కాపాడతాయి. ఇవాళ నలభై, యాభై, డెబ్బై ఏళ్లున్నవారిని ఎవరు కాపాడాలి?

వాళ్లకు మందు లేదు, నిజమే. కానీ చేయగలిగింది చాలా ఉంది. మిగిలివున్న కదలికను పోకుండా కాపాడే వ్యాయామం, ఛాతీ విప్పారే శ్వాస సాధన, నడిచేటప్పుడు పడిపోకుండా సరైన ఎత్తు చేతికర్ర, కింద కూర్చోలేనివారికి ఎత్తు పీట, తొడలకూ నడుముకూ బలం. ఇది కూడా తెలిసినవాళ్లే చేయించాలి. పెళుసుబారిన ఎముకను, బిగిసిన మెడను ఎవరో పట్టుకుని బలంగా విరిస్తే ప్రాణం మీదికి వస్తుంది. నొప్పి తట్టుకోలేక మావాళ్లు అటువంటివారి దగ్గరికే పోతున్నారు. కేంద్రం 2008-09లో జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. తొలి విడతలోనే నెల్లూరు జిల్లా ఉంది. ఆ కార్యక్రమంలో నీటి పరీక్షలతో పాటు రోగుల చికిత్స, శస్త్రచికిత్స, పునరావాసం కూడా రాసి ఉన్నాయి. పశ్చిమ ప్రకాశంలో ఆ పునరావాసం కింద ఎంతమంది ఫ్లోరోసిస్ రోగులకు వ్యాయామ చికిత్స అందిందో మీరు చెప్పగలరా? సీఎస్ పురం, పామూరు, వెలిగండ్ల, హనుమంతునిపాడు మండలాల జాబితా పెట్టగలరా?

మార్కాపురం వైపు పలకల క్వారీల్లో, పలకలు కోసే షెడ్లలో రాతిపొడి పీల్చినవారి గతి మరొకటి. సిలికోసిస్ పట్టిన ఊపిరితిత్తులు బాగుకావు. కానీ శ్వాస వ్యాయామాలతో, మెల్లగా పెంచుతూ పోయే నడకతో ఆ మనిషి నాలుగడుగులు ఎక్కువ వేయగలడు, మెట్లెక్కి తన ఇంట్లోకి తాను పోగలడు. అది కూడా ఫిజియోథెరపిస్టు పనే. మార్కాపురానికి ప్రభుత్వ వైద్య కళాశాల రావాలని, అది ఎవరి చేతుల్లో నడవాలని ఎంత వాదన జరిగిందో రాష్ట్రమంతా చూసింది. ఎవరు నడిపినా సరే, ఆ ఆసుపత్రిలో పూర్తిస్థాయి ఫిజియోథెరపీ విభాగం ఉంటుందా అని ఒక్కరైనా అడిగారా? నేను అడుగుతున్నాను.

డబ్బు మాట కూడా మాట్లాడుకుందాం. మంచానికే పరిమితమైన ఒక్కరికి ఏడాదికి 1,80,000 రూపాయలు ఇస్తున్నారు. ఇవ్వండి. అందులో రూపాయి తగ్గించమని నేను అడగడం లేదు. ఆ డబ్బే లేకపోతే వాళ్లకు మందులుండవు, చూసుకునే మనిషికి కూలి ఉండదు. నా ప్రశ్న వేరు. ఒక మండలంలో అలాంటి పింఛను అందుకునేవారు పదిమంది ఉంటే ఏడాదికి 18 లక్షలు. ఒక ఫిజియోథెరపిస్టు జీతం, తిరగడానికి బండి ఖర్చు అందులో ఎంత? ఇవాళ పక్షవాతం వచ్చిన నలభై అయిదేళ్ల మనిషి ఏడాది తిరక్కుండా మంచానికే పరిమితమైన జాబితాలో చేరేదాకా చూసి, అప్పుడు పింఛను మంజూరు చేసే పద్ధతి ఎవరికి మేలు?

ఇందులో ఇంకొక కష్టం ఉంది, దీని గురించి మీరు బయటికి మాట్లాడరు. దివ్యాంగుడికి 6,000, మంచానికే పరిమితమైతే 15,000. సాధన చేసి నాలుగడుగులు వేస్తే, తర్వాతి పరిశీలనలో తొమ్మిది వేలు పోతాయేమోనన్న భయం మనిషికి కలగదా? ఆ ఇంటికి వేరే ఆదాయం లేనప్పుడు ఆ భయం తప్పని ఎలా అంటాం? లేవాలని ప్రయత్నించేవాడిని వెనక్కి లాగే తాడును ప్రభుత్వమే కట్టినట్టయింది. మోసం చేసేవారిని పట్టుకోవడానికి నియమాలు రాసినప్పుడు, కోలుకోవాలని ప్రయత్నించేవారి కోసం ఒక్క నియమమైనా ఎందుకు రాయలేదు?

ఇదంతా మన రాష్ట్రానికి మించిన పని అనకండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు పెట్టారు, అక్కడికి ఫిజియోథెరపిస్టులను పంపి శిబిరాలు నడుపుతున్నారు. లోటుపాట్లు ఉండవచ్చు, కానీ పిల్లాడి దగ్గరికే చికిత్స వెళ్లాలన్న సూత్రాన్ని ఈ ప్రభుత్వ యంత్రాంగమే ఒప్పుకుంది. అదే పిల్లాడి తాతకు ఎందుకు ఒప్పుకోదు? వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు 2010-11లో మొదలైన జాతీయ కార్యక్రమం, సామాజిక ఆరోగ్య కేంద్రంలో పునరావాస విభాగం ఉండాలని, అక్కడి కార్యకర్త కదలలేని వృద్ధుల ఇళ్లకు వెళ్లాలని రాసుకుంది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు ఇవ్వాల్సిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ ఒకటి. కాగితం మీద అన్నీ ఉన్నాయి. పీహెచ్‌సీ సిబ్బంది పట్టికలో మాత్రం ఫిజియోథెరపిస్టు అన్న పోస్టే లేదు.

పక్క రాష్ట్రాన్ని చూడండి. 2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం, తెలుగువారు ఎక్కువగా ఉండే కృష్ణగిరి జిల్లాలోనే, మక్కళై తేడి మరుత్తువం అనే పథకం మొదలుపెట్టింది. ప్రజల దగ్గరికే వైద్యం. బీపీ, షుగరు మాత్రలు ఇంటికే ఇవ్వడంతో పాటు, బ్లాకుకొక ఫిజియోథెరపిస్టు వాహనంలో తిరిగి ఇళ్లలో వ్యాయామం చేయిస్తారు. మన దగ్గర 104 వాహనాలు ఊళ్లు తిరుగుతున్నాయి, ఫ్యామిలీ డాక్టరు విధానం వచ్చింది, ఊరి ఆరోగ్య కేంద్రంలో సిబ్బంది ఉన్నారు. ఆ వాహనంలో ఇంకొక్క సీటు కావాలి. 2025 జూన్ 21న యోగాంధ్ర పేరుతో విశాఖ తీరంలో మూడు లక్షలమందితో ఒకే ఉదయం ఆసనాలు వేయించారు. శరీరం కదలడం ఆరోగ్యమని ఈ ప్రభుత్వం నమ్ముతోందని అప్పుడు నేను సంతోషించాను. ఆ నమ్మకం తీరం నుంచి మా దాకా రావాలి. కదలగలిగినవారికి చాప పరిచిన ప్రభుత్వం, కదలలేనివారి మంచం దగ్గరికి మనిషిని పంపాలి.

మనుషులు దొరకరని కూడా అనలేరు. ఏటా మన రాష్ట్రంలో ఫిజియోథెరపీ డిగ్రీ చేసి బయటికొస్తున్న పిల్లలు ఉన్నారు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం చేసి ఈ వృత్తికి చట్టబద్ధమైన స్థానం ఇచ్చింది. 2025 సెప్టెంబరులో వీళ్లు పేరు ముందు డాక్టర్ అని రాసుకోకూడదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఒకరోజు ఒక లేఖ ఇచ్చి మరునాడే వెనక్కి తీసుకుంది. ఆ వివాదం ఎటు తేలినా మాకు అభ్యంతరం లేదు. మాకు కావలసింది ఆ మనిషి మా మండలంలో ఉండడం.

కాబట్టి అడుగుతున్నాను. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి ప్రాంతాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపిస్టు పోస్టులు ఎన్ని మంజూరయ్యాయో, ఎన్ని నిండి ఉన్నాయో, ఒక్కో దానిలో నెలకు ఎంతమందిని చూస్తున్నారో ఆసుపత్రులవారీగా ప్రకటించండి. మండలానికొక ఫిజియోథెరపిస్టును నియమించి 104 వాహనంతో కలపండి. ఫ్లోరైడు మండలాలతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే ఇక్కడ ఎక్కువ ఆలస్యం జరిగింది. పక్షవాత రోగి ఒంగోలులో డిశ్చార్జి అయిన రోజే అతని వివరాలు ఊరి ఏఎన్ఎంకు, మండల ఫిజియోథెరపిస్టుకు చేరాలి, వారంలోపు వాళ్లు ఆ ఇంటి గడప తొక్కాలి. పింఛను పరిశీలన బృందంలో ఫిజియోథెరపిస్టును చేర్చండి. శాతం రాసి ఊరుకోకుండా, ఈ మనిషికి ఏం చేస్తే మెరుగవుతాడో కూడా ఆయన రాయాలి.

చివరిది గ్రామీణాభివృద్ధి శాఖతో, గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్)తో కలిసి మీరు చేయాల్సింది. వ్యాయామ చికిత్స తీసుకుంటూ మెరుగుపడినవారి పింఛనును కనీసం రెండేళ్లపాటు ఏ కారణంతోనూ తగ్గించబోమని స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వండి. దానికి కొత్త భవనాలు అక్కర్లేదు, టెండర్లు అక్కర్లేదు. ఒక పేజీ జీవో చాలు. తర్వాతి పరిశీలన తేదీ ప్రకటించే ముందే అది రావాలి.

ఇట్లు,
చంద్రశేఖరపురం మండల వాసి